ఒక్కరోజు వృక్షశాస్త్రవేత్త

అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళిన మర్నాటి నుంచి ఒక రకం మనిషి రోడ్డెక్కుతాడు. మిగతా పదకొండు నెలలూ అతను ఏ బ్యాంకులోనో సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో కుర్చీ కదలకుండా పనిచేసే బుద్ధిమంతుడు. పెరట్లో గడ్డి కోయడానిక్కూడా డబ్బిచ్చి మనిషిని పిలిపిస్తాడు. ఆ ఒక్కరోజు మాత్రం గళ్ళచొక్కా తొడిగి, తోలు గ్లవ్స్ వేసుకుని, భార్యాబిడ్డల్ని కారెక్కించి, క్రిస్మస్ చెట్టు కోసం నార్త్ కరోలినా కొండల్లో యాష్ కౌంటీకో అవేరీ కౌంటీకో దారి తీస్తాడు. ఎందుకయ్యా ఇంత దూరం అంటే, ‘మంచి చెట్టు మనమే చూసి ఎంచుకోవాలి’ అంటాడు. ఈ మాట నమ్మదగ్గది కాదని నా వాదన. అతను ఎంచుకునేది చెట్టుని కాదు, శ్రమని. తనవాళ్ళ కళ్ళెదుట ఏడాదికోసారి చెమటోడ్చే అవకాశాన్ని రొక్కమిచ్చి కొనుక్కుంటున్నాడు. చెట్టు దాంతోపాటు కొసరు.

సాక్ష్యం పొలంలోనే ఉంది. ఆ కొండల్లో పండించేది దాదాపు అంతా ఫ్రేజర్ ఫర్ అనే ఒకే జాతి. జాన్ ఫ్రేజర్ అనే స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడి పేరు మోస్తున్న ఈ చెట్టు, దానంతటదిగా పెరిగేది దక్షిణ అప్పలాచియన్ పర్వతాల ఎత్తుల్లో మాత్రమే. హాల్లో పెట్టుకునే ఆరేడు అడుగుల ఎత్తు రావాలంటే 7 నుంచి 10 ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ దాన్ని దాని మానాన వదిలేస్తారనుకుంటే పొరపాటు. వేసవి వేసవికీ కూలీలు, అందులో చాలామంది మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు, పొడవాటి కత్తులు పట్టుకుని ఒక్కో చెట్టు చుట్టూ తిరుగుతూ కింద వెడల్పు, పైన మొన వచ్చేట్టు చెక్కుతారు. చెట్ల నాణ్యతకి అమెరికా వ్యవసాయ శాఖ గ్రేడులు కూడా పెట్టింది: ప్రీమియం, నంబర్ వన్, నంబర్ టూ. చెట్టుకి ఎన్ని వైపులు లోపం లేకుండా ఉన్నాయన్నది కూడా ఆ లెక్కలో ఉంటుంది. అంటే మన ఆసామి గేటు దాటేసరికే ఎంపిక పూర్తయిపోయి ఉంటుంది. కత్తి పట్టినవాడు ఏళ్ళ తరబడి చేసిన ఆ పనినే ఇతను మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాడు. ఒక్కో చెట్టుకీ ప్రదక్షిణం చేస్తాడు. ఒక కన్ను మూసి చూస్తాడు. ‘వెనకాల బోసిగా ఉంది’ అని పెదవి విరుస్తాడు. ఆకు తాజాగా ఉందో లేదో తేల్చడానికి, మన కూరగాయల బజార్లో బెండకాయ కొస విరిచినట్టు, సూదిలాంటి ఆ ఆకుని పట్టుకుని పుటుక్కున విరుస్తాడు. నరికి తెచ్చి బజార్లో నిలబెట్టిన చెట్లకైతే ఆ పరీక్ష సబబే. వేళ్ళతో సహా నేలలో నిలబడి బతికున్న చెట్టు తాజాదా కాదా అన్న సందేహం ఒక్క ఇతగాడికే వస్తుంది. ఓపిక ఉన్నంతసేపు కొండంతా తిరిగాక, వచ్చీరాగానే చిన్నపిల్ల వేలు పెట్టి చూపించిన చెట్టు దగ్గరికో, దాని పక్కదాని దగ్గరికో చేరి, అది తన ఆవిష్కారమని ప్రకటిస్తాడు.

చెట్టుకీ చెట్టుకీ తేడా బొత్తిగా ఉండదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంటుంది. ఒకదానికి మొదలు కాస్త వంకర, ఒకదానికి ఒకవైపు కొమ్మలు పలచన. కానీ ఆ పలచన వైపు ఎలాగూ గోడకే తిప్పుతారు కదా! నిజంగా పట్టించుకోవలసిన తేడా ఒక్కటే, ఎత్తు. దాన్ని మాత్రం అతను కొలవడు. పైన కప్పు లేని ఆకాశం కింద తొమ్మిదడుగుల చెట్టు కూడా పొట్టిగానే కనిపిస్తుంది. ఇంట్లో కప్పు ఉండేది మామూలుగా ఎనిమిది అడుగుల ఎత్తున. అందులో కింద స్టాండుకి కొంత, పైన నక్షత్రానికి కొంత పోవాలి. టేపు కార్లోనే ఉంటుంది. దాన్ని తీసుకురమ్మని భార్య అంటే, తన అంచనాని శంకించినట్టు చూస్తాడు. చాలా తోటల్లో ధర అడుగు చొప్పున. ఆ లెక్కన డబ్బు కట్టిన చెట్టులోంచి సాయంత్రానికి గరాజులో అడుగున్నర ముక్క కోసి పారేస్తాడు. ఆ కోతలోనూ అతనికి విచారం కనిపించదు. రంపం పట్టే అవకాశం ఇంకోసారి దొరికింది.

అసలు ఈ శ్రమ తప్పించడానికే చెట్ల వ్యాపారం పుట్టిందని గుర్తుచేసుకోవాలి. 1851లో మార్క్ కార్ అనే ఆయన క్యాట్‌స్కిల్ కొండల్లో చెట్లు నరికి, ఎద్దులు లాగే మంచుబళ్ళ మీద న్యూయార్క్ తెచ్చి, వాషింగ్టన్ మార్కెట్లో జాగా అద్దెకి తీసుకుని అమ్మాడని చెబుతారు. నగరంలో ఉన్నవాడు గొడ్డలి పట్టక్కర్లేదు, కొండెక్కక్కర్లేదు, డబ్బిస్తే చాలు. హాయిగా అమ్ముడుపోయాయట. ఇన్ని తరాల తర్వాత ఆ నగరవాసి మునిమనవడు డబ్బూ తానే ఇస్తున్నాడు, కొండా తానే ఎక్కుతున్నాడు, మంచులో బోర్లా పడుకుని మొదలూ తానే కోస్తున్నాడు. కూలి ఎదురిచ్చి కూలిపని చేసే ఈ ఏర్పాటుని కనిపెట్టిన రైతుని మెచ్చుకోకుండా ఉండలేం. పంటల చరిత్రలో కోత ఖర్చుని కోసేవాడి నెత్తినే వేసిన మహానుభావులు అరుదు.

ఇక్కడ అతని తరఫు వకీలు లేచి పర్యావరణం మాటెత్తుతాడు. చెట్టు పెట్టుకునే అమెరికన్ ఇళ్ళలో ఎక్కువ వాటిలో ఉండేది ఇప్పుడు ప్లాస్టిక్ చెట్టే. అది ఎక్కువగా చైనా నుంచి ఓడలో వస్తుంది, మట్టిలో కలవదు. నిజం చెట్టు కొట్టిన చోట రైతు మళ్ళీ మొక్క నాటుతాడు. పండగయ్యాక ఆ చెట్టుని ముక్కలుగా ఆడించి తోటల్లో పరుస్తారు. ఇదంతా నిజమే. ఆసామికి ఇదంతా కంఠతా వచ్చు, ప్లాస్టిక్ చెట్టున్న ఇంటికి భోజనానికి పిలిస్తే సూపు దగ్గరే మొదలెడతాడు. అయితే పర్యావరణమే కారణమైతే, ఇంటి పక్క చర్చి ఆవరణలోనో సూపర్ మార్కెట్ ముందో అమ్మే అదే జాతి చెట్టు తెచ్చుకోవచ్చు. పెద్ద కారులో పెట్రోలు తగలేస్తూ కొండలదాకా పోయి రావడం భూగోళానికి చేసే ఉపకారం ఎలా అవుతుందో వకీలుగారు చెప్పరు.

పిల్లల కోసం అన్న వాదం ఇంకా బలహీనం. పిల్లలు అరగంట చెట్ల మధ్య పరిగెత్తుతారు. ఆ తర్వాత వాళ్ళకి కావలసింది వేడి చాకొలెట్, వెచ్చని కారు. చెట్టుని యంత్రంలోంచి లాగి వల తొడిగేటప్పుడు మళ్ళీ కాస్త ఉత్సాహం వస్తుంది, అంతే. షార్లెట్లోనో క్యారీలోనో స్థిరపడిన మన తెలుగువాళ్ళలో కూడా ఈ రకం ఇప్పుడు బాగానే మొలిచింది. వీళ్ళలో క్రైస్తవులున్నారు, కానివాళ్ళూ ఉన్నారు. దసరాకి బొమ్మల కొలువు పెట్టిన మూలనే డిసెంబరులో చెట్టు పెట్టేవాళ్ళున్నారు. కోస్తాలో వీళ్ళ చుట్టాలు సరుగుడు కొమ్మని ఇసుక బకెట్లో గుచ్చి, రంగుకాగితాలు కట్టి పావుగంటలో పని ముగిస్తారు. ఇక్కడున్నాయన వీడియో కాల్లో ఆ కొమ్మని చూసి జాలిపడి, ‘మాది ఫ్రేజర్ ఫర్రండీ, ఆకు రాలదు’ అంటాడు. ఆ కొమ్మ ఎవరు ఎంచుకున్నారని అవతల ఎవరూ అడగరు. పండగ అక్కడా జరుగుతుంది.

నా వాదనకి గట్టి ఆధారం మాత్రం చెట్టు నిలబెట్టే ఘట్టం. చెట్టుని కారు మీదకెత్తి, తాడుని కిటికీల్లోంచి కట్టేసి కారు తలుపులు తెరుచుకోకుండా చేసుకోవడం దగ్గర్నుంచి ఇంటి గుమ్మంలో కొమ్మలు ఇరుక్కోవడం దాకా చెప్పుకోనక్కర్లేదు. తీరా స్టాండులో దించాక, అతను చెట్టు కింద బోర్లా పడుకుని నాలుగు మరలు బిగిస్తుంటాడు. తల మీద ఆకులు, చెవిలో జిగురు. ఆవిడ దూరంగా నిలబడి, ‘ఏవండీ, కొంచెం ఎడమకి’ అంటుంది. ‘నీ ఎడమా, నా ఎడమా?’ ‘చెట్టు ఎడమ.’ చెట్టుకి ఎడమ ఎటన్న చర్చ ఒక కొలిక్కి వచ్చేలోపు అది కుడికి వాలుతుంది. ఒక్క పెడల్ తొక్కితే నిటారుగా బిగుసుకునే స్టాండులు బజార్లో దొరుకుతున్నాయి. కొనమంటే ‘అవి నిలవవు’ అంటాడు. నిలవకపోవడం కాదు, అవి అతన్ని నేలమీద పడుకోనివ్వవు.

ఇంత ప్రేమగా తెచ్చిన చెట్టుకి తర్వాత కావలసింది నీళ్ళొక్కటే. మొదలు కొత్తగా అంగుళం మేర కోసి వెంటనే నీళ్ళలో పెట్టాలి, ఆలస్యమైతే జిగురు కట్టి నీరు పీల్చదు అంటాడు. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నిజం కావడం వల్ల ఇంకా భరించలేం. చక్కెర వెయ్యాలా, ఆస్పిరిన్ వెయ్యాలా అని ఫోన్లో ఇద్దరు ముగ్గుర్ని సంప్రదిస్తాడు గానీ ఉత్త నీళ్ళే చాలు. మొదలు మందాన్ని బట్టి అంగుళానికి రోజుకి లీటరు చొప్పున తాగుతుంది. నాలుగంగుళాల మొదలుంటే రోజూ నాలుగు లీటర్లన్నమాట. రోజూ కొమ్మల కిందికి దూరి, కానుకల పొట్లాలు తడవకుండా చెంబుతో పొయ్యాలి. ఫోటోలో పడని పని, రంపం అక్కర్లేని పని. మొదటిరోజు అతనే పోస్తాడు. రెండోరోజు మీటింగు ఉంటుంది. మూడోరోజు నుంచి ఆ చెంబు ఆవిడ చేతిలోనో, సెలవులకి వచ్చిన అత్తగారి చేతిలోనో కనిపిస్తుంది. క్రిస్మస్‌కి వారం ముందు కార్పెట్ మీద నాలుగు ఆకులు రాలితే, అతను వంగి ఒకటి తీసి, పుటుక్కున విరిచి చూసి, ఇంట్లోవాళ్ళకి నీళ్ళు పొయ్యడం కూడా చేతకాదని తేలుస్తాడు.