పని చూపించండి సార్

మా మామ హిందూపురంలో చిన్న సంఘానికి పాస్టరు. చిన్న సంఘమంటే మామూలు ఆదివారం నూరు మంది, ప్రేమ విందు ఉన్న ఆదివారం మూడు నూర్లు. అటువంటి మామకు అమెరికాలో ఒక చర్చి నుంచి ఏడుగురు వస్తున్నారని కబురొచ్చింది. మే నెలలో పిల్లలకు వీబీఎస్, అంటే సెలవుల బైబిలు బడి, నడిచే రోజుల్లో దిగి, కొన్నాళ్ళు సేవ చేసి వెళ్తారట. ఆ సాయంత్రమే నాకు ఫోను.

"అల్లుడూ, నీకు ఇంగ్లీషొచ్చు, ఖాళీగా ఉండావు" అన్నాడు.

కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. వేసవిలో రెండో మాట కాదనలేను.

మామకు దేవుడంటే భక్తి, చట్టమంటే భయం. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళు మతప్రచారం చేయరాదు, దానికి మిషనరీ వీసా వేరే ఉంది; జీతం భత్యం లేని చిన్నపాటి స్వచ్ఛంద సేవైతే చేసుకోవచ్చు. ఈ సంగతంతా ప్రింటు తీయించి వంటింటి గోడకు అంటించాడు. విదేశీయులు ఇంట్లో దిగిన ఇరవై నాలుగు గంటల్లోగా వాళ్ళ వివరాలు సర్కారుకు నింపి పంపాలి కదా, వాళ్ళు ఇంకా బూట్లు విప్పకముందే పాస్‌పోర్టులు అడిగాడు. "వాక్యం నేను చెప్తా, వాళ్ళు కూర్చోని వింటారు" అని తేల్చేశాడు. ఆ విధంగా సముద్రాలు దాటి వచ్చిన ఏడుగురికీ తెలుగు ప్రసంగం వినడం మొదటి పని అయింది. అది గంటన్నర. రోజులో మిగతా ఇరవై రెండున్నర గంటలూ మా నెత్తిన పడ్డాయి.

వాళ్ళు చాలా మంచివాళ్ళు. అసలు చిక్కంతా అక్కడే. పొద్దున ఆరింటికల్లా తలలు దువ్వుకుని వరండాలో నిలబడి "ఈ రోజు మేమేం చేయాలి?" అని అడిగేవాళ్ళు. మన ఇళ్ళలో చుట్టానికి పని చెప్పడమెక్కడుంది? ఒకావిడ చీపురందుకుంటే మా అత్త "అయ్యో, ఎవురన్నా చూస్తే మా పరువేం గావాల!" అని లాక్కుంది. ఇంకొకావిడ తిన్న పళ్ళెం తనే కడిగి బోర్లించింది. ఆమె అటు తిరగ్గానే అత్త దాన్ని మళ్ళీ కడిగింది. శుభ్రం కాలేదని కాదు, చుట్టం కడిగిన పళ్ళెం ఇంట్లో ఉంటే అత్తకు నిద్ర పట్టదు.

నాకిచ్చిన శాఖ నీళ్ళు. ఇరవై లీటర్ల క్యాన్లు. తాగడానికి అవే, పళ్ళు తోముకోవడానికి అవే, టమోటాలు కడగడానికీ అవే. ఒకాయన పెరట్లో ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కుంటుంటే, కొళాయి కోసం నడిరాత్రి లేచి బిందెలు వరసపెట్టిన హిందూపురం మనిషిని, నాలుగడుగులు పక్కకు వెళ్ళి నిలబడ్డాను. క్యాన్ల షాపతను మూడో రోజుకు "లాడ్జి తెరిచినారా సార్? చెప్పనే లేదే!" అన్నాడు.

వంట శాఖ అత్తది. వాళ్ళకు కారం పడదని ముందే ఉత్తరంలో రాశారు. మిరపకాయల యార్డు ఉన్న ఊరికి అలాంటి ఉత్తరం రాయడానికి ధైర్యం కావాలి. ఆ యార్డు ముందు నుంచి వ్యాను పోతుంటే లోపల ఏడు తుమ్ములు వినబడ్డాయి, డ్రైవరుకు ఒక్కటీ రాలేదు. అత్త లెక్కలో కారం లేని కూరంటే నాలుగే మిరపకాయలు వేసింది. రాగిసంగటిని మాత్రం అందరూ ఇష్టపడ్డారు. చెంచాతో గీరి నములుతుంటే మామ చూడలేకపోయాడు. ముద్ద తుంచి, పులుసులో ముంచి, నమలకుండా మింగాలని దగ్గర కూర్చుని నేర్పాడు. ఆ మే నెలలో మామ చేసిన బోధల్లో శ్రోతలు పూర్తిగా గ్రహించింది అదొక్కటే.

పెనుకొండలో మామకు తెలిసిన ఇంకో సంఘం ఉంది, ఒకనాడు అందరం అక్కడికి పోయాం. వచ్చినవాళ్ళలో ఇద్దరు కుర్రాళ్ళ తాతలు కొరియా నుంచి లాస్ ఏంజిలిస్‌కు పోయినవాళ్ళు. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో కార్లు బయటికొచ్చినప్పటి నుంచి ఆ దారిలో హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులు మామూలైపోయాయి. అందుకని టీ కొట్టాయన తెల్లవాళ్ళ వంక చూడను కూడా చూడకుండా ఆ ఇద్దరికీ నడుం వంచి "అన్యోంగ్ హసేయో" అన్నాడు. ఆ తర్వాత ఇంకో నాలుగు వాక్యాలు. కుర్రాళ్ళు తెల్లమొహం వేశారు. వాళ్ళకన్నా ఆయనకే కొరియా భాష బాగా వచ్చు. ఆయన నా వైపు తిరిగి "కంపెనీలో మా బామ్మర్దికి ఒక మాట చెప్పమను సార్" అని బయోడేటా ఇప్పించాడు. కాదనడం చేతగాని కుర్రాళ్ళు దాన్ని రాత్రి ప్రార్థన జాబితాలో చేర్చుకున్నారు.

ఆ పెనుకొండ సంఘంలోనే వాళ్ళకొక పని దొరికింది, సండే స్కూలు గదికి సున్నం కొట్టడం. ఎప్పుడూ కొట్టే మేస్త్రీ కడుపు కొట్టినట్లవుతుందని మామ ఆయన్నీ పిలిచి, ఊరికే చూస్తూ కూర్చోమన్నాడు. సాయంత్రం మేస్త్రీ పూర్తి కూలీ మీద ఇంకో నూరు అడిగాడు. "కొట్టేది అలవాటే సామీ, చూసేదే కష్టం" అన్నాడు. గోడ చూశాక మామ నూటయాభై ఇచ్చాడు.

వెనకటి మిషనరీలకు ఈ తిప్పలు లేవు. లండన్ మిషన్ తరఫున జాన్ హ్యాండ్స్ బళ్ళారికి 1810లో వచ్చాడు. అప్పట్లో మా హిందూపురం వైపంతా బళ్ళారి కిందే ఉండేది, అనంతపురం జిల్లా విడిపోయింది 1882లో. ఆయన కన్నడం నేర్చుకుని, బైబిలును ఆ భాషలోకి తెచ్చే పనిలో ఏళ్ళకేళ్ళు గడిపాడు. స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి, 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉండిపోయాడు. అలాంటివాళ్ళకు ఎవరూ పని చూపించలేదు, వాళ్ళే జిల్లాకంతా పని చెప్పారు. మా ఏడుగురికి మాత్రం పగలూ రాత్రీ తేడా ఒంటికి తెలిసి నిద్ర కుదురుకునే సరికే తిరుగు టికెట్టు తేదీ దగ్గరపడింది.

ధర్మవరంలో ఇంకో తమాషా. అక్కడ తెల్లమనిషి రైలు దిగితే పుట్టపర్తికే. ప్రశాంతి నిలయం స్టేషను రాకముందు అందరూ ధర్మవరంలోనే దిగేవాళ్ళు, ఆటోవాళ్ళకు ఆ లెక్క ఇంకా పోలేదు. మేము స్టేషను బయటికి రాగానే ఆటో తర్వాత ఆటో ఆగి, చేతులు జోడించి, "సాయిరాం సార్, పుట్టపర్తికా?" అన్నారు. మా బృందంలో పెద్దాయన ఆరడుగుల ఆసామి, ఊరి మర్యాదలు నేర్చుకోవాలని తపన గలవాడు. చేతులు జోడించడంతో సహా శ్రద్ధగా గమనించాడు. గంట తర్వాత అక్కడి చర్చిలో శాలువా కప్పించుకుని, నలభై డిగ్రీల ఎండలో అది కూడా నవ్వుతూ భరించి, మైకు ముందుకు వచ్చి గొంతెత్తి "సాయిరాం!" అన్నాడు.

చర్చి మొత్తం గప్‌చుప్. మామ గోడ మీద వాచీ వంక చూశాడు. అప్పుడు ముందు వరసలో చాప మీద కూర్చున్న ఒక అవ్వ, బిడ్డ తప్పు మాట్లాడితే సర్దినట్లుగా, "వందనాలు నాయనా, వందనాలు" అంది. వెనక నుంచి మూడు నూర్ల గొంతులు "వందనాలు" అందుకున్నాయి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత ఆదరణ తానెక్కడా చూడలేదని దారి పొడుగునా చెప్పాడు. అసలు సంగతి ఆయనకు చెప్పే పని మాత్రం నా శాఖలోకి రాదని ఊరుకున్నాను.

మరునాడు ఆడవాళ్ళు మగ్గాలు చూసి తలా ఒక పట్టుచీర కొన్నారు. బేరం అత్త ఆడింది, ఆ ఒక్క పూటా ఎవరూ ఎవరికీ పని చూపించనక్కర్లేకపోయింది.

వాళ్ళు వెళ్ళిన వారానికి మామకు ఒక ఫారం వచ్చింది. మేము చేసిన సేవల్లో మీకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఏది, దయచేసి వివరంగా రాయండి అని. మామ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. నన్నడిగాడు. నేనూ ఆలోచించాను. లోపల్నుంచి అత్త అంది:

"ఆ పొడుగాయన అటక మీద గంగాళం దించిచ్చినాడని రాయండి. మన పెండ్లప్పుడు పెట్టింది, ఇన్నేండ్లకు చేతికొచ్చింది."

మామ రాశాడు. రాసి కవరు అంటిస్తుంటే అత్త మళ్ళీ అంది: "వచ్చే ఏడు అంత పొడుగోళ్ళనే ఇద్దర్ని పంపమను. ఆ పక్కన రుబ్బురోలు కూడా ఉంది."