ఇంటర్‌ల్యూకిన్-23 ఆత్మకథ

ఇంటర్‌ల్యూకిన్-23 రెండు ముక్కలు కలిసిన ప్రోటీను: పీ19, పీ40. ఈ ఆత్మకథ దానిదే. అణువులకు ‘నేను’ అనే అలవాటు లేదు కనుక పరాయివాళ్ల సంగతి చెప్పినట్టే చెప్పుకుంటోంది. అది పుట్టేది డెండ్రైటిక్ కణాల్లో, మాక్రోఫేజ్‌లలో; మెదడులోనైతే మైక్రోగ్లియాలో కూడా. టీ కణాలను ఉసిగొల్పడం దాని పని.

పుట్టుకలోనే ఒక చిక్కుంది. పీ40 ముక్క ఇంటర్‌ల్యూకిన్-12లోనూ ఉంటుంది. అక్కడ దాని జోడీ పీ35. పీ40 లేని ఎలుకలకు మెదడు, వెన్నుపాముల ఆటోఇమ్యూన్ జబ్బు రాకపోయేసరికి నేరం ఇంటర్‌ల్యూకిన్-12 నెత్తిన పడింది. పీ19 సంగతి బయటపడింది 2000లో. అసలు దోషిని పట్టిచ్చిన ప్రయోగం 2003లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది.

ఈ ప్రయోగాల్లో ఎలుకకు నరాల తొడుగైన మైలిన్ తాలూకు చిన్న ముక్కను, రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే నూనె మందులో కలిపి చర్మం కింద ఎక్కిస్తారు. సుమారు రెండు వారాలకు మొదట దెబ్బతినేది తోక. ఆరోగ్యంగా ఉన్న ఎలుకను ఎత్తితే తోక బిగిసి ఉంటుంది. జబ్బు పడ్డదాని తోక తాడులా వేలాడుతుంది. తర్వాత వెనక కాళ్లు పడిపోతాయి. పీ35 లేని ఎలుకలకు ఇదంతా వచ్చింది. పీ19 లేనివి తప్పించుకున్నాయి.

టీ కణం మీది గ్రాహకానికి ఇంటర్‌ల్యూకిన్-23 అతుక్కోగానే లోపల జాక్2, టిక్2 ఎంజైములు స్టాట్3ని కదిలిస్తాయి. అది కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను పనిలో పెడుతుంది. టీ కణాల్లో ఒక రకమైన టీహెచ్17 కణాలను పుట్టించే ఘనత మాత్రం ఇంటర్‌ల్యూకిన్-23ది కాదు. పుట్టినవాటిని నిలబెట్టి, ప్రమాదకరంగా ముదరబెట్టడమే దాని వంతు. ముదిరిన కణాలు ఇంటర్‌ల్యూకిన్-17తోపాటు జీఎం-సీఎస్‌ఎఫ్‌నూ వదులుతాయి. ఎలుక మెదడుకు ఎక్కువ చేటు ఈ రెండోదాని వల్లే: రక్తం నుంచి వచ్చిన మోనోసైట్లను అది రెచ్చగొడితే, అవి మైలిన్‌ను పాడుచేస్తాయి.

మనుషుల్లో కథ అడ్డం తిరిగింది. పీ40ను పట్టుకునే ఉస్టెకినుమాబ్ యాంటీబాడీని, మనుషుల్లో మైలిన్ పాడయ్యే జబ్బైన మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులపై పరీక్షిస్తే గుణం కనిపించలేదని 2008లో తేలింది. జబ్బు ముదిరాక ఇవ్వడం వల్లనో, యాంటీబాడీ మెదడులోకి సరిగా చేరకపోవడం వల్లనో అని నిపుణుల ఊహలు. ఎలుకకు వచ్చే జబ్బు మనిషి జబ్బుకు నకలు కాదన్నది వాటికంటే పెద్ద కారణం కావచ్చు. అదే మందుకు అమెరికాలో 2009లో సోరియాసిస్‌కు, 2016లో క్రోన్స్ వ్యాధికి అనుమతి వచ్చింది. ఇంటర్‌ల్యూకిన్-12 జోలికి పోకుండా పీ19ను మాత్రమే అడ్డుకునే గుసెల్కుమాబ్ 2017లో చర్మవ్యాధి మందుగానే వాడుకలోకి వచ్చింది.