మొండిగోడ

మా రోజుల్లో ఇల్లు కడుతున్నారంటే ముందు ఎద్దులు సున్నం గానుగ చుట్టూ తిరిగేవి. మేస్త్రి ఇటుకను తట్టి చూసి, ఖంగుమనకపోతే పక్కన పడేసేవాడు. ఇప్పుడో? స్లాబు ఆరకముందే రంగుల వాళ్లు దిగుతున్నారు, ఏడాది తిరక్కుండా బాత్రూం గోడకు చెమ్మ.

ఫ్రాన్సుకు వచ్చి కూడా ఇదే గొణుగుతున్నానని మనవడికి విసుగు పుట్టింది. ‘రా జేజినాయనా, నీకు నచ్చే ఇల్లొకటి చూపిస్తా’ అంటూ టూలూజ్ నడి ఊళ్లో ఉన్న అసెజా మేడకు తీసుకుపోయాడు.

నచ్చింది. 1555లో మొదలుపెట్టిన మేడ. యజమాని పియెర్ అసెజా నీలిరంగు వర్తకుడు. మన నీలిమందు కాదు, ఆ చుట్టుపక్కల పొలాల్లో పండే పాస్టెల్. ఆకు నూరి, చేత్తో ఉండలు కట్టి ఆరబెట్టి, మళ్లీ పొడి చేసి, తడిపి నెలల తరబడి పులియబెడితే గానీ రంగుకు పనికి రాదు. ఆ కంపులోంచి పుట్టిన సొమ్మే ఈ మేడ.

టూలూజ్ చుట్టూ బంకమన్నే. మంచి రాయి దగ్గర్లో లేదు, అందుకే ఊరంతా ఎర్ర ఇటుక. ఈయన మాత్రం రాయి తెప్పించి, ఇటుక గోడకు జంట స్తంభాలు పెట్టించాడు. కింద డోరిక్, దాని మీద అయోనిక్, ఆపైన కోరింథియన్. రోమన్ల వరుస: కిందివి సాదాగా, పైకి పోయేకొద్దీ నాజూకు, నగలు. మూలన మెట్ల బురుజు, దాని నెత్తిన చిన్న గుమ్మటం. పని పట్టినవాడు నికొలా బాషెలియే. అంతా డాబుకే అనుకోండి. అయినా ఎంత ఓపికైన డాబు! ఇప్పటి డాబంటే గేటుకు స్టీలు పైపులు.

‘చూడరా, ఆ కాలంలో మొదలుపెడితే పూర్తి చేసేవాళ్లు’ అన్నాను. వాడు నవ్వి ఆవరణలో ఒక పక్కకు చూపించాడు. మొండిగోడ. వెనక గదుల్లేవు. గోడలోంచి పొడుచుకొచ్చిన రాళ్ల మీద నిలిచిన నడవ ఒక్కటే ఉంది. 1562లో మతాల కొట్లాటలో ప్రొటెస్టెంట్లు ఓడిపోతే, ఆ పక్షం వాడైన అసెజా ఊరు విడిచాడు. పాస్టెల్ బేరమూ దెబ్బతింది. బాషెలియే అంతకుముందే పోయాడు. ఆ తర్వాత మన దేశపు నీలిమందు ఓడలెక్కి వచ్చి పాస్టెల్‌ను మూలకు తోసింది.

ఆ మాటకు కాస్త ఛాతీ ఉబ్బింది, దాచను. మా కడప సీమ నీలిమందుకు పేరుపడ్డ చోటే మరి. అదీ ఎంతసేపు? 1897లో జర్మనీ వాళ్లు కార్ఖానా నీలం బజారులోకి తెచ్చాక మా తొట్లూ ఎండాయి.

అసెజా మేడను ఓజెన్ అనే బ్యాంకరు విద్వత్సభల కోసం ఊరికి రాసిచ్చాడు. 1914 నుంచి దానికి చట్టం కాపలా. ఇప్పుడు లోపల చిత్రాల మ్యూజియం నడుస్తోంది. సర్కారు ఒప్పుకోనిదే మార్పులు చేయకూడదు. అసెజా వదిలేసిపోయిన మొండిగోడకూ అదే కాపలా!

ప్రొద్దుటూరులో మా నాయన గానుగ సున్నంతో కట్టిన మిద్దెకు అరవై ఏళ్లు నిండకుండానే పలుగు పెట్టించాం, అన్నదమ్ములం కూర్చుని. అక్కడిప్పుడు అయిదంతస్తులు. కాగితం మీద మొదటి సంతకం నాదేనని మనవడికి తెలుసు. నేను రోజూ తిట్టే బాత్రూం చెమ్మ అందులో రెండో అంతస్తుది.