తరంగారోహణము, తిమింగిల దర్శనము

సింహళద్వీపపు దక్షిణ తీరమున వారము దినములు గడపి వచ్చిన మన యాత్రికులు ఈ నడుమ రెండు ఘనకార్యములను చాటుకొనుచున్నారు: తాము సర్ఫింగు నేర్చితిమనునది యొకటి, వన్యప్రాణుల నడుమ ప్రకృతిలో లీనమైతిమనునది రెండవది. పూర్వము తపస్సుచేత గాని లభింపని ఈ లయము నేడు ఉదయపు ఫలాహారమును, విమానాశ్రయమునకు కారును కలిపిన ధరకే దొరకుచుండుట కలియుగమునకు భూషణమే గాని దూషణము కాదు.

ముందు విద్య సంగతి. వెలిగమ అఖాతము అడుగున ఇసుక గలది. నవంబరు మొదలు ఏప్రిలు వఱకు అచటి అలలు చాలవఱకు సాధువులు. ఒడ్డున ఇసుకపై పలక పఱచి, బోర్లపడుకొనుట, చేతులతో నీరు వెనుకకు నెట్టుట, దిగ్గున లేచి పాదములు అడ్డముగా నిలుపుట అను మూడింటిని పది నిమిషములలో ఉపదేశించిన పిదప, ఎండకు జుట్టు రాగివన్నె తిరిగిన గురువు, అనగా ఇరువదియేండ్లయినను నిండని స్థానికపు కుఱ్ఱవాడు, శిష్యుని మొలలోతు నీటిలోనికి కొనిపోవును. పైన మెత్తని నురుగుపొర గల తొమ్మిదడుగుల పలకపై శిష్యుడు తీరాభిముఖుడై శయనించి యుండగా, వెనుకనుండి వచ్చు అలలలో ఏది పనికివచ్చునో ఏది పనికిరాదో చూచువాడు ఆ కుఱ్ఱవాడు, అల పలకను తాకు క్షణము నెఱిగి తోకపట్టి ముందునకు త్రోయువాడు వాడే, "అప్! అప్!" అని అఱచి లేవవలసిన వేళను తెలుపువాడును వాడే. సర్ఫింగను విద్యనుండి ఈ మూడింటిని తీసివేసినచో మిగులునది తడియుట. దానిని మాత్రము శిష్యుడు స్వయముగా నిర్వహించును.

రెండు మూడు సెకండ్లు నిలిచి, ఆ విజయమునకు చేతులు పైకెత్తి, ఎత్తినందువలననే శిష్యుడు పడిపోవును. ఆ లోపలనే ఒడ్డుననున్న మఱియొక కుఱ్ఱవాడు పొడుగాటి కెమెరాతో ఆ వైభవమును ఫొటోలుగా తీసి అమ్మకమునకు సిద్ధపఱచును. త్రోసిన చేతులు ఆ ఫొటోలలో కానరావు. అక్షరాభ్యాసమునాడు పంతులుగారు వ్రేలు పట్టుకొని బియ్యములో దిద్దించిన బాలుడు ఆ సాయంకాలమే తాను పండితుడనని వీధి కెక్కడు. వానికి అయిదేండ్లు, సిగ్గు కలదు.

ఇక భూతదయ. హిక్కడువ తీరమున పెద్ద తాబేళ్లకు నాచు తినిపించుచు ఫొటోలు దిగవచ్చును. కోస్గొడ ప్రాంతపు పెంపక కేంద్రములు కొన్నింటిలో, గ్రుడ్డునుండి వెలువడిన పిల్లలను తొట్లలో నిలువయుంచి సందర్శకుల అఱచేతులలో పెట్టుదురు. ఆ పిల్లకు పుట్టిన మొదటి దినమున, దేహములో మిగిలిన పచ్చసొన బలముతో, ఒడ్డు శత్రువులను దాటి లోతునీటికి ఈదిపోవు ఉబలాటము కలదు. ఆ బలము సిమెంటు తొట్టి గోడలకు ధారవోసిన తరువాత, పక్షులు తిరుగాడు వేళలో దానిని సముద్రమున విడిచి, రక్షించితిమని మనవారు చెమ్మగిల్లిన కన్నులు తుడుచుకొందురు. శీతకాలపు రాత్రులలో మన విశాఖ తీరమునకే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లిడ వచ్చుననియు, అటవీశాఖవారు ఆ గ్రుడ్లను సేకరించి పొదిగించుచున్నారనియు వీరిలో ఎందఱికి తెలియునో అడుగబూనుట అమర్యాద. పాస్‌పోర్టుపై ముద్ర పడని దయ దయ యగునా?

యాల అడవి మాట క్లుప్తముగా చెప్పిన చాలును. చిఱుతపులి కనబడెనని ఒక డ్రైవరు ఫోను చేయగా జీపులన్నియు అచటికే పరుగెత్తి, దుమ్ములో ఒకదాని నొకటి అడ్డగించి నిలుచును. చిఱుతకు జీపులు చక్కగా కనబడును.

తిమింగిలము కథ వేఱు. భూమిపై ఇంతవఱకు జీవించిన జంతువులలో కెల్ల పెద్దదియైన నీలి తిమింగిలము మిరిస్స రేవునకు చేరువగా మేతకు వచ్చును. దురదృష్టవశమున దొంద్ర అగ్రమునకు దక్షిణముగా పోవు మహానౌకల దారియు అదే. ఓడలు ఢీకొని తిమింగిలములు చచ్చుచున్నవని శాస్త్రజ్ఞులు మొఱపెట్టుచుండగా, మెడిటరేనియన్ షిప్పింగ్ కంపెనీ 2022లో తన ఓడలను సుమారు 15 నాటికల్ మైళ్లు దక్షిణమునకు మళ్లించెను. వారు ఇనుప పెట్టెలు మోసి లాభము గడించు వర్తకులు, దూరముగా తొలగిరి. ప్రకృతి ప్రేమికులన్ననో, పడవలు దగ్గఱకు పోరాదని 2012 నాటి నిబంధనలు ఘోషించుచున్నను, అది ఊపిరికై పైకి వచ్చిన వెంటనే ఇంజనులు మ్రోగించుకొని "ఇంకొంచెము దగ్గఱకు పోనిమ్ము" అని పడవవానిని తొందరపెట్టుదురు. ఆ సందడికి అది తోకయెత్తి మునిగిపోగా, తమకు వీడ్కోలు పలికినదని వ్రాసికొందురు.

ఇంతకును అసలు వినోదము తిమింగిలము రానినాడు చూడవలెను. వన్యప్రాణి స్వేచ్ఛను గూర్చి పడవ ఎక్కునపుడు గద్గదకంఠముతో ప్రసంగించిన పెద్దమనిషియే, దిగునపుడు ఆ ప్రాణి తన స్వేచ్ఛ ననుసరించి మఱియొక చోటికి పోయినందులకు టికెట్టు సొమ్ము వాపసు ఇమ్మని కౌంటరు ముందు బల్ల చఱచును. రేపు ఉచితముగా తీసికొనిపోదుమని పడవవారు చేతులు జోడించినను వినడు. ఏలయన రేపు ఉదయము ఆఱుగంటలకు యాలలో చిఱుతపులి వానికొఱకు సిద్ధముగా నుండవలెనని రసీదు జేబులోనే యున్నది.