అడగకుండా లెక్కపెట్టే కాలం

ఇప్పటి పరిశోధకులకు తీరిక లేదు. నా పెద్ద ఫిర్యాదు ఇదే. దేశాల భద్రత మీద, యుద్ధాల మీద, తిరుగుబాట్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నామంటూ మా పావగడకు అప్పుడప్పుడూ కుర్రవాళ్ళు వస్తుంటారు. పొద్దున బెంగళూరులో కారెక్కుతారు, మధ్యాహ్నానికి దిగుతారు, చీకటి పడకముందే తిరుగుముఖం పడతారు. చేతిలో ట్యాబ్, అందులో ఎక్కడో కూర్చుని తయారుచేసిన ప్రశ్నలు. మీ ఊళ్ళో మీకెంత భద్రంగా అనిపిస్తుందో ఒకటి నుంచి ఐదు లోపల చెప్పమంటారు. ఎనభై ఏళ్ళ అవ్వ ఏమని చెబుతుంది? కాసేపు మొహం చూసి, 'మూడు రాసుకో నాయనా' అంటుంది. వాళ్ళు మూడు నొక్కి పక్కింటికి పోతారు. ఆ మూడు వెనక ఎండిపోయిన బోరుందా, బెంగళూరుకు కూలికి పోయిన మనవడున్నాడా, ఎప్పటిదో తుపాకుల చప్పుడుందా అని అడిగేవాడు లేడు.

మా రోజుల్లో ఈ చదువు ఇంత తొందరగా తెమిలేది కాదు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదివిన తరం మాది. హైదరాబాదులో ఉస్మానియా ఆవరణలో 1964లో పెట్టిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ లైబ్రరీలో చోటు దొరికితే అదే మహాభాగ్యం. చదివిన ప్రతి విషయానికీ ఒక అట్టకార్డు. పై అంచున విషయం, ఎడమ మూలన తేదీ, అడుగున పుస్తకం పేరు, పుట సంఖ్య. కార్డు వెనకవైపు ఒకే ప్రశ్నకు జవాబు రాయాలి: ఇది రాసినవాడు ఎవరికోసం రాశాడు, ఎందుకు రాశాడు? ఆ జవాబు లేని కార్డును మా గైడు పక్కన పడేసేవారు. చెప్పుల డబ్బాల్లో దాచుకున్న ఆ కార్డులను రాత్రిపూట హాస్టల్ గది నేలమీద పరిచి, దేశాల వరసలో ఒకసారి, తేదీల వరసలో ఒకసారి పేర్చుకునేవాళ్ళం.

ఆ పేర్చడంలోనే విద్య ఉంది. 1962 కార్డులు దేశాల వారీగా పెడితే చైనా యుద్ధం ఒక మూల, క్యూబా క్షిపణుల గొడవ ఇంకో మూల పడేవి. తేదీల వారీగా పెడితే అక్టోబరు 20న మన సరిహద్దు మీద చైనా దాడి, దాని పక్కనే 22న క్షిపణుల గురించి కెనడీ టీవీ ప్రసంగం. రెండు అగ్రరాజ్యాల చూపూ ఒక చిన్న ద్వీపం మీద ఇరుక్కుపోయిన వారంలో మన జవాన్లు హిమాలయాల్లో ఉన్నారు. నెహ్రూకు సోవియట్ మాటసాయం ఆ రోజుల్లో ఎందుకు కరువైందో అక్కడ్నుంచి వెతకడం మొదలుపెట్టాలి. ఈ సంగతి ఇప్పుడు కంప్యూటర్ క్షణంలో చూపిస్తుందంటారు. చూపిస్తుంది, కాదనను. కానీ మోకాళ్ళ మీద కూర్చుని కార్డు ఇటునుంచి అటు జరిపినవాడికి పుట్టే అనుమానం, తెర మీద వరసను చూసినవాడికి పుట్టడం లేదు. వాళ్ళ థీసిస్‌లు చదువుతున్నాను కాబట్టే చెబుతున్నాను.

పత్రికలకూ అంతే కష్టపడేవాళ్ళం. ఏషియన్ రికార్డర్, కీసింగ్స్, లండన్ నుంచి వచ్చే మిలిటరీ బ్యాలెన్స్, స్టాక్‌హోమ్‌లో 1966లో మొదలైన సిప్రీ వాళ్ళ వార్షిక గ్రంథం. ఇవి లైబ్రరీకి ఆలస్యంగా వచ్చేవి, వచ్చిన రోజున క్యూ కట్టేవాళ్ళం. రాత్రిళ్ళు రేడియో. ఒకే సంఘటనను బీబీసీ ఎలా చెప్పింది, మాస్కో రేడియో తెలుగు ప్రసారం ఎలా చెప్పింది అని నోటుబుక్కులో రెండు గళ్ళు గీసుకుని రాసేవాళ్ళం. ఇద్దరూ ఒప్పుకున్నది ఒక రంగు పెన్సిలుతో, ఒకరు చెప్పి ఇంకొకరు దాచింది మరో రంగుతో. మాస్కోలో మే డే కవాతు ఫొటో వస్తే లెనిన్ సమాధి మీద ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో భూతద్దం పెట్టి చూసేవాళ్ళం. 1971లో గ్రాహం ఆలిసన్ పుస్తకం వచ్చాక మాకు కొత్త కళ్ళొచ్చినట్టయింది. క్యూబా సంక్షోభమనే ఒకే కథను ఆయన మూడుసార్లు చెప్పాడు. దేశమంతా ఒక మనిషిలా ఆలోచించిందనుకుని ఒకసారి, సైన్యాల, శాఖల అలవాట్ల ప్రకారం నడిచిందనుకుని ఒకసారి, పదవుల్లో ఉన్నవాళ్ళు ఒకరితో ఒకరు బేరమాడుకున్నారనుకుని ఇంకోసారి. మూడుసార్లూ కథ మారింది. ఆ పుస్తకం చేతులు మారీమారీ అట్ట ఊడిపోయింది.

లెక్కలంటే నాకు పగేమీ లేదు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జె. డేవిడ్ సింగర్ 1963లో యుద్ధాల లెక్క మొదలుపెట్టాడు. 1816 నుంచి జరిగిన యుద్ధాలన్నీ పోగేసి, పోరులో వెయ్యిమంది చనిపోతేనే యుద్ధమని ఒక గీత గీశాడు. స్వీడన్‌లో ఉప్సలా వాళ్ళు ఆ గీతను ఏడాదికి 25 మరణాలకు దించారు. వెయ్యి ఎందుకు, 25 ఎందుకు అని వాళ్ళు పుటల కొద్దీ వివరించారు, ఎవరైనా తప్పు పట్టొచ్చని తలుపులు తెరిచి పెట్టారు. అది నిజాయితీ గల లెక్క. ఇప్పటివాళ్ళు ఆ పట్టికను ఒక్క నొక్కుతో దించుకుంటారు, దాని వెంట ఉన్న వివరణ పుస్తకం మాత్రం తెరవరు. నాకు కడుపుమంట అక్కడ.

మా తాలూకా సంగతే చూడండి. 2005 ఫిబ్రవరి 10 రాత్రి వెంకటమ్మనహళ్ళిలో కర్ణాటక రిజర్వు పోలీసుల శిబిరం మీద మావోయిస్టులు దాడి చేశారు. బడి కట్టడంలో పడుకున్న పోలీసులు చనిపోయారు, ఒక బస్సు క్లీనరూ చనిపోయాడు. పట్టికల్లో ఇది ఒక వరస: తేదీ, తుమకూరు జిల్లా, కర్ణాటక, మరణాల అంకె. అంతకు నాలుగు రోజుల ముందు, 6న, చిక్కమగళూరు అడవుల్లో మావోయిస్టు నేత సాకేత్ రాజన్ ఎన్‌కౌంటర్ జరిగింది గనుక ఇది దానికి ప్రతీకారమని అందరూ చెప్పుకున్నారు. కర్ణాటక గడిలో పెట్టి చూస్తే కథ అంతటితో సరిపోతుంది.

పటం తీయండి. పావగడకు మూడు పక్కలా ఆంధ్ర. మా ఇళ్ళల్లో తెలుగు, బళ్ళో కన్నడం. సంతకు మడకశిరకో, పెళ్ళికి కళ్యాణదుర్గానికో, ఆస్పత్రికి హిందూపురానికో పోతాం. ఆ పక్క ఏం జరిగింది? 2004 సెప్టెంబరులో రెండు పార్టీలు కలిసి మావోయిస్టు పార్టీ ఏర్పడింది. అక్టోబరులో హైదరాబాదులో రాజశేఖరరెడ్డి ప్రభుత్వంతో శాంతిచర్చలు జరిగాయి. 2005 జనవరికి అవి తెగిపోయాయి. ఫిబ్రవరిలో వెంకటమ్మనహళ్ళి బడి మీద దాడి. హైదరాబాదులో చర్చలు తెగడానికీ, సరిహద్దుకు కూతవేటు దూరంలో ఈ దాడికీ ఉన్న దారిని వెతక్కుండా చిక్కమగళూరు ఒక్కటే చూస్తే సగం కథే దొరుకుతుందని నా గట్టి నమ్మకం. రాష్ట్రాల వారీగా గళ్ళు కట్టిన పట్టికలో ఆ రెండో సగం ఆంధ్ర గడిలో పడిపోయింది. అనంతపురం తెలుగు పత్రికల జిల్లా పేజీలూ, తుమకూరు కన్నడ పత్రికల జిల్లా పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ దారి కనబడుతుంది. ఇంగ్లీషు వార్తలు మాత్రమే మింగే యంత్రానికి ఈ రెండూ అందవు. కుర్రవాళ్ళకు చెబితే, 'సార్, ఆ పేజీలు ఆన్‌లైన్‌లో లేవు' అంటారు. లేకపోతే అనంతపురం పోవాలి. బస్సులున్నాయి.

మా పావగడ సోలార్ పార్కు మీద పరిశోధనకు వచ్చేవాళ్ళది ఇంకో తంతు. తిరుమణి చుట్టూ 5 గ్రామాల్లో సుమారు 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. ఇంధన భద్రత అన్న మాట వాళ్ళ నోట్లో నానుతుంటుంది. ఎవరితో మాట్లాడాలో తేల్చుకోవడానికి కౌలు జాబితా తీసుకుంటారు. ఎకరాకు ఏడాదికి 21 వేలతో మొదలైన కౌలు అందుకుంటున్న రైతుల పేర్లే అందులో ఉంటాయి. ఆ పొలాల్లో శెనక్కాయలు పీకి బతికిన కూలీల పేరు ఏ కౌలు జాబితాలోనూ ఉండదు, గొర్రెలు మేపినవాళ్ళదీ ఉండదు. జాబితా ఎలా తీసుకున్నావో దాన్నిబట్టే జవాబు వస్తుందని మొదటి ఏడాది విద్యార్థికి చెప్పే పాఠం. దాన్ని మరిచి, జనం సంతృప్తిగా ఉన్నారని రాసేస్తే ఊరుకోవడం నా వల్ల కాదు.

ఇక ఉపగ్రహాలు. మా పక్క తాలూకా చళ్ళకెరెలో అమృత్ మహల్ కావళ్ళు, అంటే తరతరాలుగా పశువులూ గొర్రెలూ మేసిన గడ్డి భూములు, వేల ఎకరాలు రక్షణ, అణు, అంతరిక్ష సంస్థలకు పోయాయి. ఒక్క రక్షణ పరిశోధన సంస్థకే 4 వేల ఎకరాల పైచిలుకు. 2015 డిసెంబరులో ఫారిన్ పాలసీ అనే అమెరికా పత్రిక అక్కడ రహస్య అణు నగరం లేస్తోందని పెద్ద వ్యాసం వేసింది. అప్పట్నుంచి ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూసి, ఏ గోడ ఎంత పొడుగు, ఏ కొట్టం కింద ఏముందని రాస్తూనే ఉన్నారు. ఆ గోడ లేచినప్పుడు మొదట చూసింది గొర్రెలకాపరులు. చెన్నై హరిత ట్రిబ్యునల్‌లో 2013లో వేసిన కేసు కాగితాల్లో ఏ సర్వే నంబరు ఎవరికి పోయిందో ఉంది. 2023 ఆగస్టు 20న హిరియూరు తాలూకా వద్దికెరె పొలాల్లో ఆ రక్షణ పరిశోధన సంస్థ వాళ్ళ తపస్ డ్రోన్ కూలితే దాని చుట్టూ గుమిగూడింది ఊరివాళ్ళు. కాపరులను అడిగి, కోర్టు కాగితం చదివి, ఆ తరవాత ఫొటో చూస్తే ఫొటో మాట్లాడుతుంది. వరస తిరగేస్తే చూసినవాడి ఊహే మాట్లాడుతుంది.

ఫొటోను నమ్ముకుంటే ఏమవుతుందో మన తెలుగు ప్రధాని కథలోనే ఉంది. 1995 డిసెంబరులో పీవీ నరసింహారావు హయాంలో పోఖ్రాన్‌లో పరీక్షకు సన్నాహాలు జరుగుతున్నాయని అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి, న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది, పరీక్ష జరగలేదు. 1998 మేలో మనవాళ్ళు రాత్రిపూట పనిచేసి, శాస్త్రవేత్తలకు సైనికుల దుస్తులు తొడిగి 11న, 13న పరీక్షలు పూర్తిచేశారు. ఈసారి అదే అమెరికాకు ముందుగా తెలియలేదు. ఆకాశంలో అవే కళ్ళు, కింద ఉన్నవాళ్ళు తెలివి మీరారు. మరి 1995లో అసలు ఏం జరిగింది? పీవీ నిజంగా అమెరికాకు జడిసి ఆగారా, లేక ఆయన లెక్క వేరా? బాంబు సిద్ధంగా ఉందని పీవీయే తనకు చెప్పారని, పీవీ పోయాక వాజపేయి బయటపెట్టారు. 2016లో వినయ్ సీతాపతి పీవీ సొంత కాగితాలు తిరగేసి పుస్తకం రాసిన తరవాతే ఈ చర్చకు కాళ్ళొచ్చాయి. ఉపగ్రహం వంద ఫొటోలు తీసినా పీవీ మనసులో ఏముందో అందులో పడదు. కాగితమూ మనిషీ కావాలి, ఆ రెంటినీ ఒకదానితో ఒకటి రాపాడించి చూసే ఓపిక కావాలి.

మా కాలంలో అంతా బాగుందని నేననను. ఢిల్లీ దస్తావేజులు మాకు అందేవి కావు. 1962 ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్ నివేదిక 1963లోనే తయారైనా ప్రభుత్వం దాచింది. 2014లో పాత్రికేయుడు నెవిల్ మాక్స్‌వెల్ తన దగ్గరున్న భాగాన్ని ఇంటర్నెట్‌లో పెడితే నేను పావగడలో కూర్చుని చదివాను. పల్లెల్లో ఆడవాళ్ళతో మాట్లాడాలన్న ఆలోచనే మాలో చాలామందికి లేదు. ఇప్పుడు అమ్మాయిలు ఈ చదువుకు వస్తున్నారు, వంటింటి గడప దాటి లోపలికి పోయి కూర్చుని మాట వింటున్నారు. అలా వచ్చినవాళ్ళు రాసింది నేను గౌరవంగా చదువుతాను.

కాబట్టి నా గొణుగుడు విని విసుక్కునే కుర్రవాళ్ళకు పని చెబుతున్నాను. వెంకటమ్మనహళ్ళి జరిగి 20 ఏళ్ళు దాటింది. ఆ రాత్రి యాభైల్లో ఉన్నవాళ్ళు ఇప్పుడు డెబ్బై దాటి ఉన్నారు. ముందు రోజుల్లో ఊళ్ళో కొత్త మొహాలు కనబడ్డాయా, శిబిరం బళ్ళో ఎందుకు పెట్టారు, తెల్లారాక మొదట ఎవరు లోపలికి పోయారు, ఆ తరవాత పోలీసులు ఎవరెవరిని పట్టుకుపోయి అడిగారు, ఇవన్నీ వాళ్ళ దగ్గరున్నాయి. ఏ పట్టికలోనూ లేవు. ట్యాబ్ కారులో పెట్టి రండి. తెలుగు వచ్చినవాళ్ళు రండి, రానివాళ్ళు ఆరు నెలలు నేర్చుకుని రండి. కనీసం ఒక పంటకాలం ఇక్కడ ఉండండి. గది చూసిపెట్టే పూచీ నాది.