మామ్మగారి పౌరపరీక్ష: సటీకా తాత్పర్యము

మూలము: "నాడు జనులు సముద్రము దాటి అమెరికాకు ఏల వచ్చిరి? కారణమొక్కటి చెప్పుము."

అవతారిక: అమెరికా పౌరసత్వము కోరువారిని అధికారి నోటితో అడుగు ప్రశ్నలలో నిది యొకటి. 2008 నాటి పట్టికలో ప్రశ్నలు 100. పది అడుగుదురు, ఆరు చెప్పిన గట్టెక్కినట్లే. 2025 అక్టోబరు 20 మొదలు అర్జీ పెట్టువారికి 128. ఇరువది అడుగుదురు, పండ్రెండు చెప్పవలెను. కోనసీమలోని అప్పనపల్లికి చుట్టపుచూపుగా వచ్చిన మామ్మగారొకరు ఆ కాగితములు అరుగుమీద పరచుకొని ఈ ప్రశ్నయొద్ద ఆగిరి. (వీసాలకు చిలుకూరు స్వామి యున్నాడు, పరీక్షలకు మన బాలబాలాజీయే దిక్కని యామె నమ్మకము.)

ప్రతిపదార్థము: జనులు = ఇష్టపడి ఓడ లెక్కినవారు; సంకెళ్లతో తేబడిన ఆఫ్రికావారికి వేరు ప్రశ్న కలదు. సముద్రము = అట్లాంటికు; 1620లో మేఫ్లవర్ ఓడకు రెండు నెలలు పైబట్టెను, మామ్మగారికి విమానములో మోకాళ్లు పట్టెను. ఒక్కటి = ఒక్కటే; రెండు చెప్పిన మార్కు పెరుగదు.

తాత్పర్యము: ఎందుకొచ్చారండి బాబూ?

పూర్వపక్షము: "కోడలు పురిటికి రమ్మందండి, వచ్చామండి, ఆయ్" అని మామ్మగారి సమాధానము. సత్యమే కాని పట్టికలో లేదు. అందున్నవి స్వేచ్ఛ, మతస్వాతంత్ర్యము, పీడన తప్పించుకొనుట, బతుకుతెరువు వగైరా.

సిద్ధాంతము: బతుకుతెరువనుటయే మేలు. కువైట్‌కు మనిషిని పంపిన ఇండ్లున్న కోనసీమలో ఈ జవాబు బట్టీ పట్టనక్కరలేదు.

విశేషములు: మొదటి ప్రపంచయుద్ధమప్పుడు అధ్యక్షుడెవరని 2008 నాటి పట్టిక యడుగును. వుడ్రో విల్సన్ అనవలెను. ఆ యుద్ధకాలమున అమెరికా సైన్యములో కొలువు చేసిన భగత్ సింగ్ థింద్ మాట యడుగదు. 1923లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆయన తెల్లవాడు కాడు కనుక పౌరుడు కాజాలడని తీర్పు చెప్పెను. 1946లో లూస్-సెల్లర్ చట్టము మనవారికి పౌరసత్వపు తలుపు తెరిచినది గాని వలసకు ఏటా వందమందినే రానిచ్చెను. మన బాలబాలాజీ గుడి అన్నదానములో ఒక బంతికి చాలరు. ఆ వంతుల పద్ధతి 1965 చట్టముతో పోయినది. చరిత్ర పరీక్ష పెట్టువాడు తన చరిత్రలో ఏది యడుగడో చూచుటయు నొక చదువేనని వ్యాఖ్యాత మతము.

మరియొకటి. 1995 జనవరిలో పొరుగున పాశర్లపూడి ఓఎన్‌జీసీ బావి అంటుకొని రెండు నెలలు దాటి మండగా, ఆర్పుటకు అమెరికా నిపుణులు వచ్చిరి. వారు సముద్రము దాటి ఏల వచ్చిరని మామ్మగారిని ఏ యధికారియు అడుగలేదు. అడిగిన తడుముకొనకుండ చెప్పగలరు: నిప్పార్పి డబ్బు పుచ్చుకొనుటకు. ఇదియు బతుకుతెరువే కనుక మూలములోని ప్రశ్నకు చెల్లు జవాబే.

పరీక్షార్థులకు మనవి: యాభై యేండ్లు నిండి గ్రీన్‌కార్డుతో ఇరువదేండ్లు, లేక యాభై యైదు నిండి పదునైదేండ్లు అక్కడ కాపురమున్నవారు ఈ పరీక్షను తెలుగులోనే చెప్పవచ్చును. దుబాసీని మాత్రము వెంటబెట్టుకొని పొండు.