గరాజులో పార్వతీశం

నన్ను కొన్న అబ్బాయి చదవాలని కొనలేదు. ఆవకాయ దొరకని నెలలో ఇంటికొచ్చాడు కాబట్టి కొన్నాడు. అమెరికా ఉద్యోగాల్లో ఎక్కువ రోజులు కలిసొచ్చే సెలవులంటే క్రిస్మస్‌వే. అప్పటికి చెట్టు మీద మామిడికాయ ఉండదు. విజయవాడ పుస్తక మహోత్సవం మాత్రం అప్పట్లో ఏటా జనవరి ఒకటినే మొదలయ్యేది. అందుకని మేం చలికాలంలో సముద్రం దాటతాం, పచ్చళ్ళు వేసవిలో దాటతాయి. ఒకే పెట్టెలో ఇద్దరం పడితే నూనె కారేది నా మీదే.

నేను బారిష్టర్ పార్వతీశాన్ని. అంటే ఆ నవల ప్రతుల్లో ఒకదాన్ని. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు నా తొలి భాగం 1924లో రాశారు. ఇక నా పుట్టుక సంగతి చెప్పుకోదగ్గదేం కాదు: కాగితం, సిరా, వీపుకి కాస్త జిగురు. ఆ జిగురు రాసినవాడు ఇంకో చుక్క వేసి ఉంటే బాగుండేది.

ప్రయాణం ముందురోజు రాత్రి పెట్టెలు తూచారు. ఒక్కోటి ఇరవై మూడు కిలోలు దాటకూడదు. ముల్లు దాటగానే, "ముందా పుస్తకాలు తీసెయ్యరా" అందావిడ, కన్నతల్లే. వేయిపడగలు అక్కడే దిగిపోయింది. ఒళ్ళు తేలిక కావడం వల్ల నేను గట్టెక్కాను.

చేరింది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్, వార్మ్ స్ప్రింగ్స్ వైపు. 1956లో ఐదు ఊళ్ళు కలిసి ఈ నగరమయ్యాయి. అందులో నైల్స్ ఒకటి. 1915లో చాప్లిన్ 'ది ట్రాంప్' తీసింది అక్కడే. మొగల్తూరు నుంచి బయల్దేరి, దారిలో ఆడవాళ్ళ టోపీ కొని నెత్తిన పెట్టుకున్న మా పార్వతీశాన్నీ, ఆ టోపీవాలానూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళెవరూ ఈ ఊళ్ళో ఉన్నట్టు లేరు. నేను మాత్రం చుట్టరికం కలిపేసుకున్నాను.

ఇక్కడి ఋతువులు తలకిందులు. మనకి తొలకరి పడే జూన్‌లో ఇక్కడ చినుకుండదు, మిషన్ పీక్ కొండ ఎండి గోధుమరంగుకి తిరుగుతుంది. వాన నవంబరులో మొదలై మార్చి దాకా కురుస్తుంది, అప్పుడు కొండ పచ్చబడుతుంది. జూన్‌లో పొద్దు రాత్రి ఎనిమిదిన్నర దాకా వాలదు. అంత వెలుతురు పెట్టుకుని ఇంట్లో కూర్చుని చదివేదెవరు? అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చి బూట్లు కట్టుకుని కొండెక్కేవాడు. డిసెంబరులో ఐదు కాకుండానే చీకటి. అయితే ఆ చీకటి కూడా నాకేం కలిసి రాలేదు. ఆఫీసు చీకటి పడినా వదలదు.

నా అదృష్టం వానలోంచి వచ్చింది. నాలుగు చినుకులు పడితే చాలు, 880 రోడ్డు మీద కార్లు ఎక్కడివక్కడే నిలిచిపోతాయి. 2017 మార్చిలో వార్మ్ స్ప్రింగ్స్‌లో బార్ట్ రైలు స్టేషన్ తెరిచారు. ఆ ఏటి వానాకాలం నుంచి అబ్బాయి కారు ఇంట్లో పెట్టి, శాన్ ఫ్రాన్సిస్కోకి రైల్లో వెళ్ళసాగాడు. ఫోన్ అప్పటికే నా సవతి. 1998 నుంచి ఈమాట పత్రిక ఉంది, కథలన్నీ అందులోనే చదివేవాడు. కానీ రైల్లో ఒక్కోసారి ఫోన్‌లో పేజీ తిరగడం మానేసేది. నాకు సిగ్నల్‌తో పని లేదు! పార్వతీశం ఓడెక్కిన చోట అబ్బాయి పైకే నవ్వితే, ఎదురు సీటాయన తలెత్తి చూశాడు. ఇంట్లో కాదు, ఆఫీసులో కాదు, ఆ రెంటికీ మధ్య నన్ను చదివాడు. ఏప్రిల్ వచ్చింది, వాన ఆగింది, కారు బయటికి తీశాడు. నూట పన్నెండో పేజీలో బార్ట్ టికెట్ అలాగే ఉండిపోయింది.

నన్ను అట్ట నుంచి అట్ట దాకా చదివింది వాళ్ళ నాన్నగారే. తల్లిదండ్రులు ఏప్రిల్‌లో వస్తే, విజిటర్ వీసా మీద ఆరు నెలలుండి అక్టోబరులో వెళ్ళిపోతారు. వానంటే ఏమిటో చూడకుండానే తిరుగుప్రయాణం. ఈ ఊళ్ళో కారు నడపడం రానివాడికి ఇల్లే లోకం. కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవరాలు బడికి. మిగిలేది పెరట్లో నిమ్మచెట్టూ, ఆయనా, నేనూ. తెనాలిలో ఉండగా పేపరు తప్ప పట్టని మనిషి, నన్ను మూడుసార్లు తిరగేశారు. రెండోసారి పైకి చదివారు, వంటింట్లో పెద్దావిడకి వినపడేలా. సాయంత్రం కొడుకు రాగానే, "నువ్వూ అచ్చం వీడేరా, విమానం ఎక్కేప్పుడు ఎంత కంగారు పడ్డావూ!" అన్నారు. "అదెప్పటి సంగతో నాన్నా" అంటూ అతను లాప్‌టాప్ తెరిచాడు.

అలా ఏటా వేసవిలో ఒక పాఠకుడు దొరుకుతాడనుకున్నాను. 2020 మార్చిలో ఇక్కడ ఇళ్ళలోంచి కదలొద్దన్నారు, అక్కడ విమానాలు ఆపేశారు. పెద్దాయన రాలేదు. అబ్బాయికి ఆఫీసు ఇంటికే వచ్చేసింది. ఇక రోజంతా తీరికే, చదివేస్తాడని సంబరపడ్డాను. రైలుతో పాటే చదువూ ఆగిపోయిందని తర్వాత తెలిసింది. మీటింగులో మొహం సరిగ్గా కనిపించడానికి లాప్‌టాప్ నాలుగు అంగుళాలు ఎత్తు లేపాలి. నేనూ, ఒక జావా పుస్తకమూ కలిపి సరిగ్గా నాలుగంగుళాలు. కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట పెరిగినవాడు, నా వీపు మీద ఫ్యాను గిర్రున తిప్పుతూ పొద్దస్తమానం ఉడకేశాడు. జిగురు అప్పుడే విడిచింది.

ఒక్క రోజు మాత్రం దయ తలిచాడు. సెప్టెంబరు 9. అడవులు తగలబడిన పొగ ఆకాశమంతా కమ్మి, పగలే నారింజరంగు చీకటి. కిటికీ తీయడానికి లేదు, కొండెక్కడానికి లేదు. మీటింగు అయ్యాక నన్ను కిందనుంచి లాగి, దీపం వేసుకుని ఆ బార్ట్ టికెట్ దగ్గర మొదలుపెట్టాడు. కాలిఫోర్నియాకి ఈ పొగ ఒక ఋతువైపోయిందంటున్నారు. కొంపలు పోగొట్టుకున్నవాళ్ళ ముందు అనకూడదు గానీ, నాకు ఆ పూట పండగే.

తర్వాత ఆర్డెన్‌వుడ్ వైపు ఇల్లు మారారు. అట్టపెట్టె మీద మార్కరుతో "తెలుగు" అని రాసి నన్నందులో వేశారు. ఆ పెట్టె గరాజు దాటి లోపలికి రాలేదు. నాతో పాటు పాత పంచాంగాలు, పెళ్ళి సీడీలు, ఎవరిదో శతకం ఉన్నాయి. అవతల అబ్బాయి గిన్నెలు కడుగుతూ దాసుభాషితం యాప్‌లో నవలలు వింటాడు. వినడం తప్పని నేననను, చేతులు తడిగా ఉన్నవాడు నన్నెలాగూ పట్టుకోలేడు. మనవరాలు తెలుగు నేర్చుకోడానికి మనబడికి వెళ్తుంది. ఓసారి సైకిలు కోసం వచ్చి, పెట్టె మీది మూడక్షరాలూ కూడబలుక్కుని చదివి వెళ్ళింది. మూత తీయలేదు.

మొన్న గోడ అవతల మాటలు వినబడ్డాయి. పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులట, ఈ ఏడూ రారట. ఏప్రిల్‌లో వచ్చేది వియ్యంకుడు గారట. ఆయన డిటెక్టివ్ నవలలు తప్ప ముట్టరని కోడలు చెబుతోంది. కారు నడపడం మాత్రం ఆయనకీ రాదట.